చెన్నై–దుబాయ్ విమానం: టికెట్ ప్రకారం 2 గంటల 40 నిమిషాలేనా? దూరం ఒక్కోచోట ఒక్కో అంకె ఏంది?

తుమ్మలపెంట_కావలి:

అందరికీ నమస్కారం. అమ్మానాన్న వచ్చే నెల చెన్నై నుంచి దుబాయ్ పోతున్నారు. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. టికెట్ మీద టైములు ఇవి:

వెళ్ళేటప్పుడు: చెన్నై 09:45, దుబాయ్ 12:25
వచ్చేటప్పుడు: దుబాయ్ 02:50, చెన్నై 08:20

తీసివేత చేస్తే వెళ్ళడానికి 2 గంటల 40 నిమిషాలు, రావడానికి 5 గంటల 30 నిమిషాలు వస్తున్నాయి. అదే ఊరు, అదే ఆకాశం, రెట్టింపు తేడా ఎట్లా వస్తుంది?

ఇక దూరం సంగతి. మూడు చోట్ల వెతికితే మూడు అంకెలు కనిపించాయి: 2,934, 1,823, 1,584. ఏది నిజం?

నాన్నకు షుగరు ఉంది. టిఫిను, ఇన్సులిన్, మధ్యాహ్నం భోజనం ఎప్పుడెప్పుడు పడతాయో ముందే అనుకోవాలి. అందుకే మొత్తం ఎంతసేపు కూర్చోవాలి, అందులో గాల్లో ఎంతసేపు అనేది తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. కావలి నుంచి ఎన్ని గంటలకు బయల్దేరాలో కూడా చెబితే మేలు.

---

మాగుంట_లేఅవుట్:

ముందు టైము చిక్కు విప్పుదాం. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. 09:45 అనేది చెన్నై గడియారం, 12:25 అనేది దుబాయ్ గడియారం. రెండు గడియారాల అంకెల్ని నేరుగా తీసివేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు.

మనం గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు, దుబాయ్ 4 గంటలు ముందు. అంటే మన కంటే వాళ్ళు గంటన్నర వెనక. దుబాయ్ టైముకు గంటన్నర కలిపి మన టైములోకి మార్చుకున్నాకే తీసివేయాలి.

వెళ్ళేటప్పుడు: 12:25కి 1:30 కలిపితే మన టైము 13:55. అందులో 09:45 తీసేస్తే 4 గంటల 10 నిమిషాలు.
వచ్చేటప్పుడు: 02:50కి 1:30 కలిపితే 04:20. 08:20లోంచి అది తీసేస్తే సరిగ్గా 4 గంటలు.

మీరు అనుకున్న రెట్టింపు తేడా పోయి పది నిమిషాలే మిగిలింది. ఆ పది నిమిషాల వెనక కూడా కారణం ఉంది, గాలుల సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు.

ఈ గంటన్నర తేడా ఏడాది పొడుగునా మారదు. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశంలో ఎండాకాలం గడియారం ముందుకు జరిపే పద్ధతి లేదు. మస్కట్‌కూ గంటన్నరే. కువైట్, ఖతార్, సౌదీలకైతే రెండున్నర గంటలు. లండన్ విషయంలో మాత్రం జాగ్రత్త: వాళ్ళ వేసవిలో తేడా నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర.

ఇప్పుడు ఆ 4 గంటల 10 నిమిషాల్లో ఏముందో చూడండి. దీన్ని బ్లాక్ టైము అంటారు. గేటు దగ్గర నిలబడ్డ విమానం చక్రాల కింద అడ్డం తీసి కదిలిన క్షణం నుంచి, అవతల గేటు దగ్గర ఆగి మళ్ళీ అడ్డం పెట్టే క్షణం వరకు లెక్క. ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే దాకా నేల మీద పోవడం, ముందు నాలుగు విమానాలుంటే వరసలో ఆగడం, దిగాక గేటుదాకా చేరడం, అన్నీ ఇందులోనే. నేల మీద పోయే టైము రెండు చివర్లా కలిపి పాతిక నుంచి ముప్పై నిమిషాలు వేసుకోవచ్చు. మిగతా 3 గంటల 40 నిమిషాలే గాల్లో గడిచేది. ఎక్కాక పైలట్ మైకులో "మన ప్రయాణం మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలు" అని చెబితే అమ్మానాన్న కంగారు పడాల్సిన పని లేదు. ఆయన చెప్పేది గాల్లో ఉండే టైము, టికెట్‌లో ఉండేది గేటు నుంచి గేటుకు.

సీట్లో కూర్చునే టైము ఇంకా ఎక్కువ. బోర్డింగ్ ముప్పావు గంట, గంట ముందే మొదలవుతుంది. 9 గంటలకల్లా సీట్లో కూర్చున్నారనుకుంటే, దుబాయ్‌లో తలుపు తెరిచేసరికి మన టైము 2 దాటుతుంది. అంటే ఐదు గంటలు. ఇమిగ్రేషన్ వరస, సామాను బెల్టు కలిపి ఇంకో గంట. ఇంటికి చేరి భోజనానికి కూర్చునేది మన టైము సాయంత్రం నాలుగింటికి అనుకోండి. నాన్నగారి విషయంలో డాక్టరుకు దుబాయ్ టైము చెప్పకండి, మొత్తం మన టైములోనే రాసి చూపించండి. "12:25కి దిగుతాం, దిగాక తింటాం" అని చెబితే ఆయన మధ్యాహ్నం భోజనం అనుకుంటారు. ఒంటి లెక్కకు మాత్రం అప్పటికి మధ్యాహ్నం రెండవుతుంది.

ఇన్సులిన్ చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దు. కింద సామాను అరలో చలికి గడ్డకడితే మందు పనికిరాదు. చేతి సంచీలోనే పెట్టి, డాక్టరు చీటీ పక్కనే ఉంచండి. తినడానికి రెండు బిస్కెట్ ప్యాకెట్లు కూడా. విమానంలో భోజనం టికెట్‌లో కలిపి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, చాలా చవక టికెట్లలో ఉండదు.

---

మూలాపేట_నెల్లూరు:

దూరం నేను చెబుతా. ఆ మూడు అంకెలూ నిజమే అన్నా, కొలబద్దలే వేరు.

2,934 కిలోమీటర్లు.
1,823 మామూలు మైళ్ళు. ఒక మైలు 1.609 కి.మీ.
1,584 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.

1,584ని 1.852తో గుణించు, 2,933.6 వస్తుంది. ఫోన్ తెరలో అంకె పెద్దగా, పక్కన కొలత చిన్నగా ఉంటుంది కాబట్టి కనపడి ఉండదు. విమానం, ఓడ నడిపేవాళ్ళు నాటికల్ మైలే వాడతారు. ఎందుకో మన వైపు ఊళ్ళతోనే చూపిస్తా.

ఒంగోలు, కావలి, నెల్లూరు మూడూ దాదాపు ఒకే రేఖాంశం మీద, 80 డిగ్రీల తూర్పు గీతకు ఆనుకుని ఉన్నాయి. ఒంగోలు అక్షాంశం 15.50, కావలి 14.91, నెల్లూరు 14.44. ఒంగోలుకూ నెల్లూరుకూ తేడా 1.06 డిగ్రీలు. డిగ్రీకి 60 నిమిషాలు (గడియారం నిమిషాలు కాదు, కోణం నిమిషాలు) కాబట్టి 63.6 నిమిషాలు. ఉత్తర-దక్షిణంగా ఒక నిమిషం జరిగితే ఒక నాటికల్ మైలు. కాబట్టి ఒంగోలు–నెల్లూరు గాలిదూరం 63.6 నాటికల్ మైళ్ళు, అంటే 118 కిలోమీటర్ల లోపు. హైవే మీద సుమారు 125. రోడ్డు ఎంత తిన్నగా ఉందో ఈ లెక్కే చెబుతోంది. కావలి–నెల్లూరు కూడా ఇట్లాగే వేసుకో, 28 నాటికల్ మైళ్ళు, 52 కిలోమీటర్లు. పటం మీద కోణం కొలిస్తే చాలు, దూరం దానంతటదే వచ్చేస్తుంది. అదీ ఆ మైలు గొప్పతనం.

తూర్పు-పడమరలు కూడా కలిసినప్పుడు భూమి గుండ్రనాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఉంటే ఇంటర్ చదివే పిల్లలు కూడా చేసేస్తారు. చెన్నై విమానాశ్రయం 12.99 ఉత్తరం, 80.17 తూర్పు. దుబాయ్ విమానాశ్రయం 25.25 ఉత్తరం, 55.36 తూర్పు.

మొదట రెండు అక్షాంశాల సైన్‌లు గుణించు: 0.2248 × 0.4266 = 0.0959.
తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా (24.81) కొసైన్, మూడూ గుణించు: 0.9744 × 0.9045 × 0.9077 = 0.8000.
రెండూ కూడితే 0.8959. దీనికి కాస్ ఇన్వర్స్ నొక్కితే 26.38 డిగ్రీలు.
26.38 × 60 = 1,583 నాటికల్ మైళ్ళు. 1.852తో గుణిస్తే 2,931 కి.మీ. చివర్లో మూడు కిలోమీటర్ల తేడా దశాంశాలు కత్తిరించినందువల్ల, భూమి అచ్చం గోళం కానందువల్ల వచ్చింది.

ఇందులో జనం బోల్తా పడేది మూడు చోట్ల. క్యాలిక్యులేటర్ డిగ్రీలకు బదులు రేడియన్ మోడ్‌లో ఉండిపోవడం మొదటిది, అప్పుడు జవాబు అసలు పొంతన లేకుండా వస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. రెండోది మోసకారి: పుస్తకంలో 12°59′ అని ఉంటే 12.59 అని కొట్టేస్తారు. 59 నిమిషాలంటే 0.98 డిగ్రీ. ఈ ఒక్క పొరపాటుతో చెన్నై నలభై కిలోమీటర్ల పైన దక్షిణానికి జరిగిపోతుంది, జవాబు మాత్రం నమ్మేటట్టే కనిపిస్తుంది. మూడోది, విమానాశ్రయం బదులు ఊరి మధ్య బిందువు తీసుకోవడం.

దుబాయ్‌కి రెండు విమానాశ్రయాలు ఉన్నాయనేది కూడా ఇక్కడే చెప్పాలి. ఊళ్ళో ఉన్న పాతదాని కోడు డీఎక్స్‌బీ, జెబెల్ అలీ వైపు ఉన్న అల్ మక్తూమ్ కోడు డీడబ్ల్యూసీ. టికెట్ మీద ఆ మూడక్షరాలు ఒకసారి చూసుకో, తీసుకుపోవడానికి వచ్చేవాళ్ళు వేరేచోట నిలబడకుండా ఉంటారు.

సైన్‌లు, కొసైన్‌లు వద్దనుకుంటే సులువు దారి ఒకటుంది. అక్షాంశాల తేడా 12.26ని 111.2తో గుణిస్తే 1,363. రేఖాంశాల తేడా 24.81ని 111.2తో గుణించి, దాన్ని మధ్య అక్షాంశం (19.12) కొసైన్‌తో గుణిస్తే 2,607. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 2,942. అసలు దానికి పది కిలోమీటర్ల లోపు తేడా, మన అక్షాంశాల్లో ఇది చాలు. ఆ కొసైన్ మర్చిపోతే మాత్రం 3,077 వస్తుంది, 140 కిలోమీటర్ల పైన దండగ. అమెరికా లాంటి దూరాలకు ఈ సులువు దారి అస్సలు పనికిరాదు.

ఇంకో మాట. ఇదంతా కాగితం మీద దూరం. విమానం గీత గీసినట్టు పోదు. చెన్నైలో గాలి ఏ దిక్కునుంచి వీస్తే ఆ దిక్కుకు లేచి తర్వాత తిరగాలి, నిర్ణయించిన గాలిదారుల్లో పోవాలి, దుబాయ్ దగ్గర వరసలో చుట్టు తిరగాలి. కర్ణాటక మీదుగా కొంకణ తీరం దాటి అరేబియా సముద్రం, ఒమన్, ఆ తర్వాత దుబాయ్. తిరిగే దూరం ఎప్పుడూ పటం దూరం కంటే కాస్త ఎక్కువే.

---

గుడ్లూరు_కుర్రాడు:

వచ్చేటప్పుడు పది నిమిషాలు తగ్గేది భూమి తిరగడం వల్ల కదా? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి...

---

ట్రంకురోడ్డు:

కాదు తమ్ముడూ. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది, విమానం ఆ గాలిలోనే ఈదుతోంది. నువ్వు చెప్పిందే నిజమైతే తూర్పుకు పోయేటప్పుడు గమ్యం ముందుకు పారిపోతుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ టైము పట్టాలి. పైగా భూమి తిరిగే వేగం ఏడాదంతా ఒకటే, విమానం టైములు మాత్రం నెలనెలా మారుతున్నాయి. అసలు కారణం పైన వీచే గాలి.

లెక్క చెబుతాను, ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి పైకి చేరాక గంటకు సుమారు 450 నాటికల్ మైళ్ళు పోతాయి. దీన్నే 450 నాట్లు అంటారు, గంటకు 833 కిలోమీటర్లు. ఇది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. నేలతో పోల్చిన వేగం కావాలంటే వెనకగాలి కలపాలి, ఎదురుగాలి తీసేయాలి.

గాలి లేకపోతే: 1,584 ÷ 450 = 3 గంటల 31 నిమిషాలు.
20 నాట్ల ఎదురుగాలి: 3 గంటల 41. అదే వెనకగాలి అయితే 3 గంటల 22.
40 నాట్ల ఎదురుగాలి: 3 గంటల 52. వెనకగాలి అయితే 3 గంటల 14.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి వీటికి ఇంకో పది, పదిహేను నిమిషాలు కలుపుకోవాలి. దానిపైన నేల మీద పోయే పాతిక, ముప్పై నిమిషాలు. అన్నీ కలిస్తే నాలుగు, నాలుగుంబావు గంటల దగ్గరికి వచ్చేశాం, టికెట్‌లో ఉన్నది కూడా అదే కదా. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానమైతే వేగం 480 నాట్ల దాకా ఉంటుంది, ఇదే దూరానికి పావుగంట లోపు కలిసొస్తుంది.

కాలాన్ని బట్టి గాలి మారే తీరు చూడండి. చలికాలంలో, ముఖ్యంగా డిసెంబరు నుంచి మార్చి దాకా, 25–30 డిగ్రీల అక్షాంశాల దగ్గర 11, 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గట్టి జెట్ ప్రవాహం ఉంటుంది. దాని నడిబొడ్డున 100 నాట్లు దాటడం మామూలే. దుబాయ్ ఉన్నది 25 డిగ్రీల దగ్గర. అందుకని చెన్నై నుంచి పోయే విమానానికి మొదటి సగంలో గాలి పెద్దగా తెలియదు, గల్ఫ్ దగ్గరపడేకొద్దీ ఎదురుగాలి ముదురుతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది.

వానాకాలంలో సంగతి తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దక్షిణాది మీద, బాగా ఎత్తున తూర్పు నుంచి పడమటికి వీచే జెట్ ఉంటుంది. దాని బలమంతా 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున. ప్రయాణికుల విమానాలు అంత పైకి పోవు, 10–12 కిలోమీటర్ల దగ్గర దాని కింది అంచు మాత్రమే తగులుతుంది. అయినా ఆ నెలల్లో చెన్నై నుంచి గల్ఫ్‌కు పోయేటప్పుడు ఎదురుగాలి బెడద తగ్గుతుంది, కొన్ని రోజులు వెనకగాలే దొరుకుతుంది.

ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. గాలి లేని రోజు రానుపోను 7 గంటల 2 నిమిషాలు. 40 నాట్ల గాలి ఉన్న రోజు 3:52, 3:14 కలిపితే 7 గంటల 6 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకే లెక్క సరిపోదు.

మూలాపేట అన్న పటం తీశారు కాబట్టి ఇదీ చూడండి. చెన్నై నుంచి దుబాయ్ 2,934 కిలోమీటర్లు, చెన్నై నుంచి సింగపూర్ 2,924. పడమటికీ తూర్పుకూ దాదాపు సమాన దూరంలో మన చెన్నై కూర్చుని ఉంది. కానీ టికెట్లు పక్కపక్కన పెడితే దుబాయ్‌ది రెండున్నర గంటల పైన, సింగపూర్‌ది ఏడు గంటల దాకా కనిపిస్తుంది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, ఆ మాయ అంతా గడియారాలదే.

ఇంకొకరు అడిగేలోపు చెబుతాను: 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి గల్ఫ్‌కు, యూరప్‌కు పోయేవాటికి దారి పెరిగింది. చెన్నై–దుబాయ్ దారి అరేబియా సముద్రం మీదుగా కాబట్టి దానికి ఆ సమస్య లేదు.

---

తుమ్మలపెంట_కావలి:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. 12.59 కొట్టే పొరపాటు నేనూ చేశాను, ఇప్పుడు సరిగ్గా వచ్చింది. మరి కావలి నుంచి ఎప్పుడు బయల్దేరాలి? తెల్లారుజామున కారా, ముందురోజే రైలా?

---

మాగుంట_లేఅవుట్:

వెనక నుంచి ముందుకు లెక్క కట్టండి. విమానం 9:45. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి, అంటే 6:45. కౌంటర్ మూసేది సాధారణంగా గంట నుంచి గంటంబావు ముందు, బోర్డింగ్ గేటు మూసేది ఇరవై, పాతిక నిమిషాల ముందు. మీ టికెట్‌లో ఖచ్చితమైన అంకె రాసి ఉంటుంది. ఆ నిమిషం దాటితే విమానం కళ్ళముందే నిలబడి ఉన్నా ఎక్కనివ్వరు.

కావలి నుంచి మీనంబాక్కం (చెన్నై విమానాశ్రయం) సుమారు 235 కిలోమీటర్లు. ఇబ్బంది ఎక్కడంటే, మనం చెన్నైకి ఉత్తరం వైపు నుంచి పోతాం, విమానాశ్రయం దక్షిణం చివర ఉంది. ఊళ్ళోంచి పోతే మన పని అయిపోయినట్టే. పుళల్ దగ్గర చెన్నై బైపాస్ ఎక్కి అంబత్తూరు, మదురవాయల్ మీదుగా పెరుంగళత్తూరు దాకా పోయి, ఎడమకు జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డులో తాంబరం, క్రోంపేట, పల్లావరం దాటితే విమానాశ్రయం. దూరం ఎక్కువైనా టైము నమ్మకంగా ఉంటుంది. ఎనిమిది దాటాక తాంబరం–పల్లావరం మధ్య నిండిపోతుంది, ఆలోపే దాటేయాలి.

కారైతే రాత్రి 1:30కి కావలి వదలాలి. 3:45కి సూళ్ళూరుపేట, 5 గంటలకు పుళల్, 6:15కి విమానాశ్రయం. అరగంట చేతిలో ఉంటుంది. దారిలో వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట, నల్లూరు టోల్‌గేట్లు. ఫాస్టాగ్‌లో డబ్బు ముందురోజే చూసుకోండి. గుమ్మిడిపూండి దాటాక రేవులకు పోయే కంటైనర్ లారీలు ఉంటాయి, అక్కడ వేగం పడిపోతుంది.

పెద్దవాళ్ళను రాత్రి ఒంటిగంటకు లేపి నాలుగుముప్పావు గంటలు కార్లో కూర్చోబెట్టి, ఆపైన ఐదు గంటలు విమానంలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. షుగరు ఉన్న మనిషికి నిద్ర, తిండి రెండూ చెడతాయి. నా మాట వింటే ముందురోజు పినాకిని లాంటి పగటి రైలు ఎక్కించండి, కావలిలో ఆగుతుంది. సెంట్రల్లో దిగి అక్కడే మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మారకుండా నేరుగా విమానాశ్రయం. రాత్రికి పల్లావరం, తిరుసూలం చుట్టుపక్కల గది తీసుకుంటే పొద్దున్నే టిఫిన్ చేసి పది నిమిషాల్లో చేరిపోతారు. మెట్రో తెల్లవారుజామున 5 ప్రాంతంలో మొదలై రాత్రి 11 ప్రాంతంలో ఆగిపోతుంది, అర్ధరాత్రి విమానాలకు దాన్ని నమ్ముకోకూడదు. అంతర్జాతీయ విమానాలు టీ2 టెర్మినల్ నుంచి.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య అయితే ముందురోజు పోవడం తప్పనిసరి అనుకోండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, రెండు దారులూ ఒకేసారి పోయాయి. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయమే రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుపానుకూ మూశారు. జనవరిలో అయితే భోగి పొద్దున చెన్నైలో మంటల పొగ, మంచు కలిసి రన్‌వే కనపడక విమానాలు ఆగుతుంటాయి, ఆ రోజు వదిలేయండి.

సర్దేటప్పుడు ఒక్క జాగ్రత్త. మసాలా డబ్బాలో గసగసాలు ఉంటే తీసేయండి. ఎమిరేట్స్‌లో అవి నిషేధం, తెలియక తెచ్చామన్నా వినరు. ఆవకాయ సీసా చేతి సంచీలో కాకుండా పెద్ద పెట్టెలో, మూత మీద టేపు చుట్టి.

---

కర్నూలురోడ్డు_ఒంగోలు:

ఒంగోలు వైపు వాళ్ళు చదువుతుంటే మా లెక్క కూడా వేస్తాను. ఒంగోలు నుంచి గన్నవరం సుమారు 165 కిలోమీటర్లు, మీనంబాక్కం 305, అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీదుగా శంషాబాద్ 330 చిల్లర.

హైదరాబాద్–దుబాయ్ గాలిదూరం 2,547 కి.మీ. చెన్నై కంటే 387 తక్కువ. 833తో భాగిస్తే 28 నిమిషాలు. ఆ 28 నిమిషాల కోసం శంషాబాద్ పోవడం దండగ, రోడ్డు మీద ఇంచుమించు అంతే పోతుంది. ఒంగోలు వాళ్ళకు రెండూ ఇంచుమించు సమానం, టికెట్ ధర, బయల్దేరే వేళ చూసి తేల్చుకోవాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకు శంషాబాదే మేలు. కందుకూరు నుంచి కిందికి ఉన్నవాళ్ళకు చెన్నై.

గన్నవరం దగ్గరే కానీ, మధ్యలో మారే టికెట్ అయితే రెండు సంగతులు చూడాలి. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయా? ఉంటే మొదటిది ఆలస్యమైతే రెండోదాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ లేదు, సామాను కూడా మీరే దించుకుని మళ్ళీ వేయాలి. రెండోది, మొత్తం సమయం. గన్నవరం నుంచి హైదరాబాద్ 264 కిలోమీటర్లే, గాల్లో నలభై, యాభై నిమిషాలు. దానికి ముందు రెండు గంటలు, తర్వాత మూడు గంటలు నిరీక్షణ కలిపితే ఒంగోలు నుంచి నేరుగా చెన్నై కారులో పోయినంత అవుతుంది. పెద్దవాళ్ళకు ఒకే విమానం, ఒకే వరస మంచిది.

కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే ఉంది కదా, అక్కడ ఎందుకు దిగవు అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. అది 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున అత్యవసరంలో వైమానిక దళం కోసం వేసింది, 2022 డిసెంబరు 29న మొదటిసారి పరీక్షించారు. ప్రయాణికుల కోసం కాదు.

---

తుమ్మలపెంట_కావలి:

ముందురోజు పినాకినికే పంపిస్తున్నాం. నాన్న కోసం మన టైములో ఇలా రాశాను, తప్పుంటే చెప్పండి: 5:30 టిఫిను, 6:45 విమానాశ్రయం, 9:00 సీట్లో, 9:45 కదలడం, 13:55 దుబాయ్ గేటు, 15:00 బయటికి, 16:00 లోపు భోజనం. తిరుగు ప్రయాణం 14వ తేదీ 02:50. 14 రాత్రి భోంచేసి పదకొండుకు విమానాశ్రయానికి బయల్దేరతారు.

---

మూలాపేట_నెల్లూరు:

వెళ్ళేటప్పటిది బాగుంది. 5:30కి, 16:00కి మధ్య పదిన్నర గంటలు, నడుమ పదకొండింటికి విమానంలో ఏదో ఒకటి తినేటట్టు కూడా రాసి, ఆ కాగితం డాక్టరుకు చూపించు.

తిరుగు ప్రయాణం మాత్రం తప్పు అన్నా. 14వ తేదీ 02:50 అంటే 13 రాత్రి తెల్లారితే 14. 13న రాత్రి భోంచేసి పదకొండుకు ఇల్లు కదలాలి. 14 రాత్రి పోతే విమానం వెళ్ళిపోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది. అక్కడ ఉన్నవాళ్ళకు "13 శనివారం రాత్రి" అన్నట్టు తేదీ, వారం రెండూ కలిపి ఇప్పుడే మెసేజ్ పెట్టు.

---

తుమ్మలపెంట_కావలి:

పెట్టేశాను. అక్క కూడా 14 రాత్రి అనే అనుకుంటోందంట.